మోటారు అందరిదీ సరే, మరి గచ్చు ఎవరిది?

నాలుగో అంతస్తు వాళ్లు బాత్‌రూమ్ టైల్స్ మార్పించారు. రెండు నెలలు తిరక్కుండానే మూడో అంతస్తు వాళ్ల సీలింగ్ మీద తడి మరక పడింది. బాగు చేయించే ఖర్చు ఎవరిది? ఇంకో అపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి వాషింగ్ మెషిన్ కొందామని కమిటీ అంది. మా ఇంట్లో మెషిన్ ఉంది, ఇంకా నేనెందుకు కట్టాలని ఒకాయన లేచారు. మరోచోట మెట్ల మీద పరిచిన గ్రానైట్ వానాకాలంలో జారుతోందని పెద్దవాళ్లు మొత్తుకుంటున్నారు. బిల్డర్ వేసిందే కదా, ఎవరు మారుస్తారని మిగతావాళ్లు ఊరుకున్నారు.

మన విశాఖలో ఎంవీపీ కాలనీలో అయినా, మధురవాడలో అయినా, గాజువాకలో అయినా ఈ గొడవలు ఇలాగే ఉంటాయి. చూడ్డానికి మూడూ వేరు. కానీ మూడింట్లోనూ లోపం ఒక్కటే. ఎక్కడిదాకా నాది, ఎక్కణ్ణుంచి మనది అనేది ముందుగా ఎవరూ కాగితం మీద పెట్టుకోలేదు. కలిసి ఒక వస్తువు కొనేటప్పుడు అది ఎవరి ఆస్తి, ఎవరు వాడతారు అనే రెండు విషయాలూ చాలామంది ఎలాగోలా మాట్లాడుకుంటారు. పాడైపోయాక, పాతబడ్డాక కొత్తది ఎవరి డబ్బుతో వస్తుందనేది మాత్రం వదిలేస్తారు. నేను చూసినంతవరకు సంఘాలు చీలిపోయేది ఆ వదిలేసిన చోటే.

ముందు మీ సంఘం ఏ రకమో చూసుకోండి

విశాఖలో సొసైటీ బోర్డు పెట్టుకున్నవన్నీ ఒక రకం కావు. కొన్ని అసలైన సహకార సంఘాలు. ఇవి 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కిందో, 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో రిజిస్టరై ఉంటాయి. ఇళ్ల కోసం సహకార సంఘం అనే ఆలోచన మన దేశంలో 1909లో బెంగళూరులో మొదలైంది. మన దగ్గర ఉద్యోగులు పెట్టుకున్న హౌస్ బిల్డింగ్ సొసైటీలు చాలావరకు భూమి కొని, లేఅవుట్ వేసి, సభ్యులకు ప్లాట్లు పంచడంతో ఆగిపోయాయి. భవనం కట్టి, దాన్ని ఏళ్ల తరబడి నడిపిన అనుభవం వాటిలో తక్కువ.

మిగతావి ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్లు. ఇవి సాధారణంగా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. మెట్లు, లిఫ్టు, డాబా లాంటి ఉమ్మడి భాగాల సంగతి 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టంలో ఉంది. ఇక్కడ ప్రతి ఓనర్ పేరు మీదా ఫ్లాట్‌కు రిజిస్ట్రేషన్ ఉంటుంది, స్థలంలో అవిభాజ్యమైన వాటా ఉంటుంది.

ఈ తేడాకీ గచ్చుకీ సంబంధం ఏమిటంటే, సహకార సంఘాల్లో కో-పార్ట్‌నర్‌షిప్ పద్ధతి ఒకటుంది. అందులో భవనం మొత్తం సంఘం పేరు మీదే ఉంటుంది. సభ్యుడికి వాటాలూ, ఆ ఇంట్లో ఉండే హక్కూ మాత్రమే. అలాంటి చోట మీ హాల్లో ఉన్న టైల్ కూడా చట్ట ప్రకారం సంఘానిదే. సంఘాన్ని అడిగే మార్చాలి. ఓనర్ల అసోసియేషన్ ఉన్న చోట టైల్ మీది, దాని కింది శ్లాబు అందరిదీ. ఒకచోట న్యాయమైన నియమం ఇంకోచోట అన్యాయం అవుతుంది కాబట్టి, పక్క అపార్ట్‌మెంట్ బైలాస్ (సంఘం రాసుకున్న నియమావళి) తెచ్చి పేరు మార్చి వాడుకోవడం మానుకోవాలి.

ఈ విషయంలో స్వీడన్ వాళ్ల అనుభవం మనకంటే పెద్దది. అక్కడ 1923లో పుట్టిన హెచ్‌ఎస్‌బీ అనే సహకార గృహ సంస్థ మొదటి నుంచీ ఇంటితోపాటు ఉమ్మడి సదుపాయాల మీద శ్రద్ధ పెట్టింది. భవనంలో అందరికీ కలిపి ఒక బట్టలుతికే గది ఉండడం ఆ దేశంలో మామూలు విషయం. 1991 నాటి వాళ్ల చట్టం ఒక గీత స్పష్టంగా గీసింది. ఇంటి లోపలి భాగాన్ని, అంటే గచ్చు పైపొరతో సహా, మంచి స్థితిలో ఉంచుకోవడం సభ్యుడి పూచీ. ఒకటికంటే ఎక్కువ ఇళ్లకు పనికొచ్చే పైపుల బాధ్యత సంఘానిది. ఈ ఒక్క వాక్యాన్ని మన బైలాస్‌లోకి తెచ్చుకుంటే సగం తగాదాలు తీరిపోతాయని నా నమ్మకం.

మనకు ఆ గీతకు దగ్గరగా వచ్చేది 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం. ఉమ్మడి భాగాలంటే ఏమిటో అందులో వివరంగా ఉంది. మెట్లు, లిఫ్టులు, డాబాలు, బేస్‌మెంట్లు, ఓపెన్ పార్కింగ్, నీళ్ల ట్యాంకులు, సంపులు, మోటార్లు, కరెంటు, నీరు, మురుగునీటి కేంద్ర ఏర్పాట్లు, సోలార్ లాంటివి, ఉమ్మడి వాడకానికి బిగించిన యంత్ర సామగ్రి అంతా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఫ్లాట్ స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. గచ్చు ఉబికి లేచినా, బాత్‌రూమ్ కారినా ముందు మీ భవనం రెరా కిందికి వస్తుందా, ఆ 5 ఏళ్లు అయిపోయాయా అని చూసుకోండి. చాలామంది ఈ గడువు తెలియక సంఘం దాచుకున్న కార్పస్ ఫండ్ ఖర్చు పెట్టేసుకుంటున్నారు. ఆ డబ్బు మళ్లీ పోగవడానికి ఏళ్లు పడుతుంది.

గచ్చు ఒక్క పొర కాదు

పైకి కనిపించేది టైల్. దాని కింద ఇసుక, సిమెంటు కలిపిన బెడ్ ఉంటుంది. బాత్‌రూమ్ అయితే శ్లాబును పల్లంగా పోసి, ఆ గుంటలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపుతారు. ఆ నింపుడు కింద వాటర్‌ప్రూఫింగ్ పూత, దాని కింద శ్లాబు. మీరు మార్చాలనుకునేది మొదటి పొర మాత్రమే. గునపం దిగేది మాత్రం కింది పొరలదాకా. టైల్స్ మేస్త్రి నహానీ ట్రాప్, అంటే గచ్చు మీది నీళ్లు పోయే తూము చుట్టూ కొట్టేటప్పుడు వాటర్‌ప్రూఫింగ్ చిట్లినా ఆ రోజు ఎవరికీ తెలియదు. కొన్ని వారాల తర్వాత కింది ఇంటివాళ్లకు తెలుస్తుంది.

అందుకని నా అభిప్రాయంలో గీత గీయాల్సింది టైల్ దగ్గర కాదు, వాటర్‌ప్రూఫింగ్ దగ్గర. శ్లాబు అందరిదీ. వాటర్‌ప్రూఫింగ్ కూడా, ఎవరూ కదపనంతకాలం, అందరిదే. కానీ ఒక సభ్యుడు తన ఇంట్లో బాత్‌రూమ్ గచ్చు పగలగొట్టిన రోజు నుంచి ఆ పూత పూచీ ఆయనది. కొత్త టైల్ వేసేముందు ట్రాప్ మూసి, గచ్చు మీద నీళ్లు నిలబెట్టి, 24 నుంచి 48 గంటలు ఉంచి, కింది ఇంటి సీలింగ్‌ను ఇద్దరూ కలిసి చూసి సంతకాలు పెట్టుకోవాలి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఈ ఒక్క కాగితం ఉంటే తర్వాత వచ్చే తగాదాల్లో ఎవరూ గొంతు పెంచాల్సిన పని ఉండదు.

మరక ఇప్పటికే వచ్చేసిందనుకోండి. అది ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చకుండా ఖర్చు గురించి మాట్లాడడం దండగ. పైవాళ్లు ఊరెళ్లి నాలుగు రోజులు ఇల్లు తాళం పెట్టి ఉన్నా, నీళ్ల వాల్వు కట్టేయకుండా వెళ్లినప్పుడు చుక్క ఆగకపోతే అది చాలావరకు ఎప్పుడూ నీటి ఒత్తిడి ఉండే పైపు లీకు. స్నానాలైన కాసేపటికే తడి పెరిగి సాయంత్రానికి తగ్గితే ట్రాప్ దగ్గరో, మురుగు పైపు జాయింట్ దగ్గరో లోపం. వాన పడ్డప్పుడే వస్తే బాత్‌రూమ్ తప్పు కాదు, బయటి గోడ లేదా పైపులు దిగే డక్టు చూడాలి. అనుమానం తీరకపోతే ట్రాప్‌లో రంగునీళ్లు పోసి కింద ఏ రంగు దిగుతుందో గమనించవచ్చు. మొదటి రెండూ ఆ ఇంటి పైపులే అయితే ఆ ఇంటివాళ్లు, అందరి పైపు అయితే సంఘం. బయటి గోడ అయితే ఎప్పుడూ సంఘమే.

ఇంకో చిక్కు ఉంది. అందరి మురుగు పైపు మీ బాత్‌రూమ్ కింద పగిలింది. బాగు చేయాలంటే మీ గచ్చు కొట్టాలి. మీరు అక్కడ ఖరీదైన ఇటాలియన్ మార్బుల్ వేయించుకున్నారు. సంఘం మళ్లీ అదే రాయి తెచ్చి వేయాలా? అక్కర్లేదు. భవనం కట్టినప్పుడు అన్ని ఇళ్లకూ వేసిన మామూలు గచ్చు ధరవరకు సంఘం ఇవ్వాలి, దానిపైన ఎక్కువైంది మీరు పెట్టుకోవాలి. కొత్తగా సహకార సంఘం కట్టుకుంటున్న వాళ్లు కూడా ఇదే పద్ధతిలో పోవడం మంచిది. అందరికీ ఒకే రకం గచ్చు చదరపు అడుగుకు ఇంత అని లెక్కగట్టి ఇవ్వాలి. ఇంకా మంచిది కావాలన్న సభ్యుడు తేడా కట్టుకోవాలి. ఆ మూల ధరను ఏటా సర్వసభ్య సమావేశంలో సవరించి మినిట్స్‌లో రాయాలి. 10 ఏళ్ల నాటి ధర పట్టుకుని ఈ రోజు పరిహారం ఇస్తే అది కూడా అన్యాయమే.

బరువు సంగతి చాలామందికి తట్టదు. పాత మొజాయిక్ గచ్చు పగలగొట్టడం ఎందుకు, దుమ్మూ గోలా, దాని మీదే బెడ్ వేసి టైల్స్ పరిచేద్దాం అంటారు. లెక్క చూడండి. 40 మిల్లీమీటర్ల ఇసుక సిమెంటు బెడ్ చదరపు మీటరుకు సుమారు 80 కిలోలు. దాని మీద విట్రిఫైడ్ టైల్ ఇంకో 20 కిలోలు. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే 11 చదరపు మీటర్ల పైచిలుకు, అంటే ఒక్క గదికే టన్నుకు పైగా కొత్త బరువు. ఇళ్లలో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు వస్తుందని మన ప్రమాణాలు లెక్కగడతాయి. అందులో సగం అంత బరువును, డిజైన్‌లో లేనిదాన్ని, తెలియకుండా పాత శ్లాబు నెత్తిన పెడుతున్నాం. ఉప్పుగాలికి ఊచలు తుప్పు పట్టే ఊళ్లో 30 ఏళ్ల భవనాలకు ఇది ప్రమాదం. పాత గచ్చు గట్టిగా ఉంటే టైల్ అడ్హెసివ్‌తో పలచగా అతికించుకోవచ్చు, అప్పుడు బరువు మూడో వంతుకు దిగుతుంది. బెడ్ వేయాల్సిందే అయితే పాతది తీసేయాలి. రెండింటిలో ఏది చేసినా ముందు కమిటీకి రాసిచ్చి అనుమతి తీసుకోవాలనే నియమం ఉండాలి. ఇది పెత్తనం అనుకోవద్దు, ఆ శ్లాబు కింద ఇంకో కుటుంబం నిద్రపోతోంది.

ఉమ్మడి గచ్చుల్లో, అంటే మెట్లు, వరండాలు, లిఫ్టు ముందు ఖాళీ, అందం ఆఖరి విషయం కావాలి. పాలిష్ పట్టిన గ్రానైట్ శ్రీకాకుళం బ్లూ అయినా, చీమకుర్తి నల్ల రాయి అయినా, తడిస్తే జారుతుంది. విశాఖలో గాలిలోనే తడి ఉంటుంది, తుపాను రోజుల్లో వరండాలోకి జల్లు కొడుతుంది. పైభాగం గరుకుగా ఉంచే ఫ్లేమ్డ్ లేదా లెదర్ ఫినిష్ గ్రానైట్, గరుకు కడప బండ, యాంటీ స్కిడ్ టైల్ ఏదైనా పర్వాలేదు. ఉన్న గ్రానైట్ మొత్తం పీకాల్సిన పని లేదు. మెట్టు అంచున మూడు నాలుగు గాడులు కోయించినా చాలావరకు పట్టు వస్తుంది.

పొడుగు వరండాల్లో టైల్స్ ఒక్కసారిగా గుడారంలా లేచిపోవడం చూసే ఉంటారు. వేడికి టైల్ వ్యాకోచిస్తుంది, ఎటూ జరగడానికి చోటు లేక పైకి లేస్తుంది. ఇంటి లోపల అయితే 20 నుంచి 25 అడుగులకు ఒకటి, ఎండ పడే చోట 8 నుంచి 12 అడుగులకు ఒకటి, సాగే గుణమున్న సీలెంట్ నింపిన సందు వదలాలి. మేస్త్రులు చాలామంది దీన్ని వదలరు, అడిగి వదిలించాలి. టైల్స్ మధ్య సందు పూడ్చిన గ్రౌటింగ్ గీతల వెంట తెల్లటి పొడి పైకి వస్తుంటే అది ఉప్పు. బెడ్‌లో కలిపిన ఇసుకలోనో నీళ్లలోనో ఉప్పుండి, తడితో పైకి వస్తోంది. తుడిస్తే పోదు, తడి ఎక్కణ్ణుంచి వస్తోందో ఆపాలి.

మిగిలిన టైల్స్ దాచుకోవడం గురించి ఒక మాట. 2 అడుగుల చదరం అనే టైల్స్ (నిజానికి 600 మిల్లీమీటర్లు) పెట్టెలో 4 ఉంటాయి, అది సుమారు 15.5 చదరపు అడుగులు. 2,000 చదరపు అడుగుల వరండాలకు 130 పెట్టెలు పడతాయి. ఇంకో 7 పెట్టెలు ఎక్కువ కొని, బ్యాచ్ నంబరు రాసి దాచండి. ఆ డిజైన్ మూడేళ్లకే మార్కెట్లో దొరక్కపోవచ్చు, దొరికినా షేడ్ కలవదు.

ఏ యంత్రం కలిసి కొనాలి, ఏది వద్దు

నీళ్ల మోటారు, లిఫ్టు కలిసి కొనడం గురించి ఎవరికీ అనుమానం లేదు. గొడవంతా ఇంట్లో వాడే వస్తువుల దగ్గరే. నా కొలత ఒకటుంది. ఖరీదు ఎక్కువ, వాడకం తక్కువ అయితే కలిసి కొనాలి. రోజూ వాడేది, ఒంటికి తగిలేది అయితే ఎవరిది వాళ్లకే ఉండాలి.

వాషింగ్ మెషిన్‌నే తీసుకోండి. స్వీడన్‌లో నడిచింది కదా అని మన దగ్గర అలాగే పెడితే నడవదు. మడి బట్టలున్న ఇల్లుంది, బాలింత ఉన్న ఇల్లుంది, ఇంకొకరి బట్టలు పడిన డ్రమ్ములో తమవి వేయడానికి మనసొప్పనివాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు, అది వాళ్ల ఇంటి పద్ధతి. చిన్న ఫ్లాట్లలో ఉద్యోగులు కలిసి ఉండే చోట, వృద్ధుల ఇళ్లలో, వర్కింగ్ విమెన్స్ హాస్టళ్లలో మాత్రం ఉమ్మడి మెషిన్ బాగా పనికొస్తుంది. అక్కడైనా ఎన్ని కావాలో లెక్క వేసుకుని కొనాలి. 20 ఇళ్లు, ఇంటికి వారానికి 4 వాయిలు అంటే 80 వాయిలు. ఒక్కో వాయికి గంటన్నర, ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు గది తెరిచి ఉంచితే ఒక మెషిన్ వారానికి 70 వాయిలే చేయగలదు. కాబట్టి రెండు కావాలి. ఒకటి చాలులే అనుకుంటే మొదటి ఆదివారమే తగువు.

మన ఊరికి అసలు కలిసి కొనాల్సింది డ్రయ్యర్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. మబ్బు పట్టిన వారంలో బట్టలు ఆరక, వాసన పట్టి, పిల్లల యూనిఫామ్ ఫ్యాన్ కింద ఆరేసుకునే ఇల్లు విశాఖలో ఉండదేమో. అంతమాత్రానికి ఇంటికో డ్రయ్యర్ కొంటే ఏడాదిలో ఎక్కువ నెలలు మూలన పడి ఉంటుంది. భవనానికి ఒకటి రెండు ఉంటే చాలు. పైగా ఉతికిన బట్టలే వేస్తారు కాబట్టి మెషిన్ విషయంలో వచ్చే మనసు ఇబ్బంది ఇక్కడ తక్కువ.

అలాంటిదే పెద్ద టిల్టింగ్ గ్రైండర్. సంక్రాంతికి బూరెల పప్పూ గారెల పప్పూ రుబ్బడానికి, డాబా మీద చిన్న ఫంక్షన్ చేసుకోవడానికి ఏడాదిలో కొన్నిసార్లే కావాలి. పొడుగు నిచ్చెన, డ్రిల్లింగ్ మెషిన్, సంపు కడిగే ప్రెషర్ వాషర్ కూడా ఇంతే. వీటికి వాచ్‌మన్ దగ్గర ఒక రిజిస్టర్ ఉంటే సరిపోతుంది. పెద్ద నియమాలు అక్కర్లేదు.

జనరేటర్ విలువ విశాఖ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరం మీదే తీరం దాటింది. కరెంటు స్తంభాలు, చెట్లు కూలిపోయి రోజుల తరబడి సరఫరా లేదు. సంపులో నీళ్లున్నా మోటారు తిరగక పై అంతస్తుల వాళ్లు బకెట్లతో మెట్లెక్కారు. జనరేటర్ ఉన్న భవనాల్లో గంటసేపు నడిపి ట్యాంకు నింపుకున్నారు, చుట్టుపక్కల వాళ్లు వచ్చి ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు. ఆ రోజుల్లో డీజిల్ ఎవరు కొనాలి, ఏ ఏ పనులకు నడపాలి అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాల్సి వచ్చింది. ముందే రాసి ఉంటే మంచిది. నా ఓటు మొదట నీళ్ల మోటారుకి, తర్వాత మెట్ల దీపాలకి, పెద్దవాళ్ల కోసం రోజులో కొంతసేపు లిఫ్టుకి. ఇళ్లలోని ఏసీలకు కాదు.

బోరు నీటి కాఠిన్యం ఇంకో ఉమ్మడి సమస్య. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. కాఠిన్యం పెరిగేకొద్దీ గీజర్ కాయిల్‌కీ, వాషింగ్ మెషిన్ హీటర్‌కీ సున్నం గట్టకట్టి తొందరగా పోతాయి. ఇంటికొకటి బిగించుకోవడం కంటే ట్యాంకు దగ్గర ఒక సాఫ్ట్‌నర్ పెట్టడం చవక. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌నర్ కాఠిన్యం తీస్తుంది గానీ ఉప్పదనం తీయదు. సముద్రం దగ్గర బోరులోకి ఉప్పునీరు వచ్చేసిన చోట అది పనికిరాదు. నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా అమ్మేవాళ్ల మాట మీద లక్షలు పెట్టకండి.

సోలార్ మీద ఇప్పుడు ఆలోచించని సంఘం నష్టపోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో గృహ సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, దానికి డాబా మీద సుమారు 100 చదరపు అడుగులు కావాలి. డాబా అందరిదీ కాబట్టి సమావేశంలో తీర్మానం తప్పదు. బట్టలారేసుకునే చోటు, వడియాలు పెట్టుకునే చోటు ముందే వదిలిపెట్టి, ఫ్రేములకు తుప్పు పట్టని లోహమూ, తుపాను గాలికి తట్టుకునే బోల్టులూ అడగాలి.

వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ లాంటి యంత్రం ఎక్కడ పెడుతున్నామన్నది కూడా గచ్చు సంగతే. సెల్లార్‌లో పెడితే పెద్ద వానకు నీళ్లు చేరే ప్రమాదం ఉంది కాబట్టి కింద ఎత్తు దిమ్మె కట్టాలి. పై అంతస్తులో పెడితే స్పిన్ తిరిగేటప్పుడు అదురు కింది ఇంటికి వినిపిస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ మేలు. ఆ గది గచ్చు యాంటీ స్కిడ్ టైల్‌తో, 100 అడుగులకు ఒక అడుగు లెక్కన నహానీ ట్రాప్ వైపు వాలుగా ఉండాలి. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉంటాయి కాబట్టి మంచి ఎర్తింగ్, కరెంటు బయటికి లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, 16 ఆంపియర్ల సాకెట్ లేకుండా ప్లగ్గు పెట్టనివ్వకూడదు. ఈ మూడింట్లో ఒక్కటి తగ్గినా ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బు ఎలా పంచుకోవాలి

ఒక డ్రయ్యర్ 45,000 రూపాయలు, 8 ఏళ్లు పనిచేస్తుంది అనుకుందాం. బీచ్‌కి దగ్గరగా ఉంటే ఉప్పుగాలికి ఇంకా ముందే పోతుంది, అందుకని 6 ఏళ్లే అని పెట్టుకుందాం. ఏడాదికి 7,500. 20 ఇళ్ల మీద పంచితే ఇంటికి నెలకు 31 రూపాయల పైచిలుకు. ఈ డబ్బు మొదటి నెల నుంచీ వేరే ఖాతాలో పడాలి. ఆ ఖాతాని సింకింగ్ ఫండ్ అంటారు. అది ఉంటే ఆరో ఏడు పాత మెషిన్ పోయినప్పుడు ఎవరింటికీ వెళ్లి చందా అడగక్కర్లేదు. లేకపోతే పాడైన మెషిన్ అలాగే మూలన ఉంటుంది, ఆ తర్వాత ఉమ్మడిగా ఏం కొందామన్నా జనం నమ్మరు.

కరెంటు, రిపేరు మాత్రం వాడినవాళ్ల మీద వేయాలి. గదికి వేరే సబ్‌మీటరు పెట్టి, వాయికి ఇంత అని వసూలు చేయాలి. మా ఇంట్లో ఉంది కదా, నేనెందుకు కట్టాలి అన్న ఆ పెద్దాయనకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. వస్తువు ఉమ్మడి ఆస్తి, ఫ్లాట్ అమ్మేటప్పుడు ఆయన ఇంటి విలువకూ కొంత కలుస్తుంది కాబట్టి కొనుగోలు, మార్పిడి ఖర్చులో ఆయన వాటా ఉంటుంది. వాడకం ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఉండదు. రెండింటినీ నెల మెయింటెనెన్స్‌లో కలిపి ఒకే అంకెగా అడగడం వల్లే ఆయనకు కోపం వచ్చింది. విడదీసి చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

ఉమ్మడి గచ్చు ఖర్చు మాత్రం చదరపు అడుగుల లెక్కన పంచాలా, ఇంటికి ఇంత అని పంచాలా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. వరండా, మెట్లు అందరూ ఒకేలా తొక్కుతారు, కాబట్టి ఇంటికి సమానం అని నేనంటాను. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు మెట్లు ఎక్కరు కదా అంటే, వాళ్లు డాబా వాటర్‌ప్రూఫింగ్‌కీ కడుతున్నారు, పై అంతస్తువాళ్లు సెల్లార్ గచ్చుకీ కడుతున్నారు. ఇలా ఒక్కొక్కటీ విడదీస్తూ పోతే లెక్క ఎప్పటికీ తెగదు.

ఇంకొకటి, నెలకు ఒక్కో సభ్యుడు కట్టే మెయింటెనెన్స్ 7,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో కొత్త సదుపాయం పెడితే ఆ గీత దాటుతున్నామా అని ఆడిటర్‌ని ముందే అడగండి.

అద్దెకుండే వాళ్ల మాట దాదాపు ఏ బైలాస్‌లోనూ సరిగా ఉండదు. విశాఖలో నేవీ, స్టీల్ ప్లాంట్, ఫార్మా, ఐటీ ఉద్యోగాలకు వచ్చి రెండు మూడేళ్లు అద్దెకుండి వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్లకు సమావేశంలో ఓటు ఉండదు, ఉమ్మడి డ్రయ్యర్ మాత్రం ఎక్కువగా వాడేది వాళ్లే. సింకింగ్ ఫండ్ ఓనర్ దగ్గర, వాడకం ఖర్చు అద్దెకున్నవాళ్ల దగ్గర వసూలు చేయాలని రాసుకోండి. అద్దె ఒప్పందంలో కూడా ఆ వాక్యం పెట్టమని ఓనర్లకు చెప్పండి. గచ్చు మీద గానీ మెషిన్‌కు గానీ నష్టం జరిగితే సంఘం అడిగేది ఓనర్‌నే, ఆయన అద్దెకున్నవాళ్లు ఇచ్చిన అడ్వాన్స్‌లో సర్దుకుంటారు. ఏ మెషిన్ ఎలా వాడాలో, ఏ వేళల్లో వాడాలో తెలుగు, హిందీ రెండింట్లోనూ రాసి ఆ గది తలుపుకు అంటించి, కొత్తగా దిగిన ప్రతి కుటుంబానికీ మొదటి వారంలోనే కమిటీ నుంచి ఒకరు వెళ్లి చూపించి రావాలి.